మీ పాట ఒక్కడికి లొంగదు, రాజా గారూ

సంగీత దర్శకులు శ్రీ ఇళయరాజా గారికి,

విశాఖపట్నం నుంచి కొంతమంది గిటారు వాళ్లం నమస్కరించి రాసుకుంటున్న బహిరంగ లేఖ ఇది.

ముందే చెప్పేస్తాను, ఇది అభిమానుల ఉత్తరం కాదు. అభిమానం లేక కాదు. అలాంటి ఉత్తరాలు మీకు ఏళ్ల తరబడి వస్తూనే ఉంటాయి, ఇంకొకటి చేరితే ఒరిగేదేమీ లేదు. మాకు మీతో పనిపడింది. ఆ పనేమిటో చెప్పేముందు మేమెవరమో, ఆదివారం సాయంత్రాలు ఎంవీపీ కాలనీలో ఒక డాబా మీద చేరి ఏం చేస్తుంటామో కాస్త చెప్పుకోవాలి. తెలుగులోనే రాస్తున్నాను. మీ పాటల్లో చాలా వాటికి పుట్టిల్లు తమిళమే కావచ్చు, మాకు మాత్రం అవి తెలుగులోనే పరిచయం. సాగర సంగమం, సితార, గీతాంజలి పాటలు వేరే భాష మాట్లాడే ఆయన కట్టారని చిన్నప్పుడు ఎవరైనా చెప్పినా నమ్మేవాళ్లం కాదు.

మాలో ఎవరికీ సంగీతం కూడు పెట్టదు. నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. గుంపులో పెద్దాయన స్టీల్ ప్లాంటులో పనిచేసి రిటైరయ్యారు. చిన్నా పెద్దా అందరికీ ఆయన మావయ్యే. ఒక పిల్లల డాక్టరమ్మ ఉంది, మెడలో స్టెతస్కోపు తీయడం మరిచిపోయి నేరుగా డాబా ఎక్కిన రోజులున్నాయి. ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదివే కుర్రాడొకడు. వేళ్లు మహా చురుకు, ఓపిక బొత్తిగా లేదు. ఇక ఆటో నడిపే అన్న. చిన్నప్పుడు చర్చిలో పాటల వెనకాల వాయిస్తూ నేర్చుకున్నాడు. నొటేషన్ రాదు, కాగితం వైపు చూడడు. అయితేనేం, మా అందరి చెవులూ కలిపినా ఆయన చెవికి సరిరావు. వచ్చిపోయేవాళ్లు ఇంకా ఉన్నారు. నేవీలో చేసే ఒకాయన ఓడ ఒడ్డునున్నప్పుడు వస్తాడు. పోటీ పరీక్షలకి చదువుకునే అమ్మాయి పరీక్ష అయిపోయిన వారం వస్తుంది. వీధి చివర కిరాణా కొట్టాయన గిటారు ముట్టడు, వినడానికే వస్తాడు, వస్తూ మురీ మిక్చర్ పొట్లాలు తెస్తాడు. ఆయన రాని వారం మా వాయింపు చప్పగా ఉంటుంది. లోటు మిక్చర్‌దో శ్రోతదో ఇంతవరకూ తేలలేదు.

సముద్రం పక్కన గిటారుని కాపాడుకోవడం ఒక ఉద్యోగం. ఉప్పుగాలికి స్టీలు తీగలు నల్లబడి గరుకెక్కుతాయి. వానలు మొదలైతే చెక్క తేమ తాగి ఉబ్బుతుంది, తీగలు ఫ్రెట్ల మీంచి ఎత్తుకి లేస్తాయి, నొక్కాలంటే వేళ్లు మొర్రోమంటాయి. ఆటో అన్న పనిముట్ల సంచిలో ఒక ఆలెన్ కీ ఉంటుంది. గిటారు మెడలో దాగి ఉండే ఇనుప కడ్డీని దాంతో పావు చుట్టు తిప్పి వంపు సరిచేస్తాడు. ఎవరి ఒకటో తీగ తెగినా తన కవరులోంచి కొత్తది తీసి కడతాడు. డబ్బులడగడు, ఇస్తే వద్దనడు.

తెలుగునాట అటకల మీద దుమ్ము కొట్టుకుపోతున్న గిటార్లు ఎన్నో ఉన్నాయి. వాటిలో చాలా భాగం ఒకే చోట ఆగిపోయినవని నా అనుమానం. ఆ చోటు మీకు బాగా తెలుసు, ఎఫ్ కార్డు. చూపుడువేలిని మొదటి ఫ్రెట్ మీద అడ్డంగా పరిచి ఆరు తీగల్నీ ఒకేసారి నొక్కాలి, మిగతా మూడు వేళ్లూ ఎక్కడివక్కడ కూర్చోవాలి. మొదట్లో తీగ పలకదు, టక్కుటక్కుమంటుంది. ఫోన్లో వీడియో చూసి ఒంటరిగా నేర్చుకునేవాడు అక్కడికొచ్చి తన నుదుట సంగీతం రాసి లేదనుకుంటాడు. పక్కన ఒక మనిషి ఉంటే "బొటనవేలు మెడ వెనక కాస్త కిందికి దించమ్మా, మోచెయ్యి లోపలికి తెచ్చుకో" అంటాడు. ఆ తర్వాత "నాకూ ఆర్నెల్లు పట్టింది లే" అంటాడు. పనిచేసేది ఎక్కువగా ఆ రెండో మాటే. మా డాబా మీద ఎఫ్ కార్డు దగ్గర మానేసినవాళ్లు నాకు గుర్తులేరు. పెళ్లయ్యో బదిలీ అయ్యో మానేసినవాళ్లే.

మేం మొదలుపెట్టింది మీ పాటలతో కాదు. అందరిలాగే నాలుగు కార్డుల పాటలతో. ఒకరు కార్డులు కొడతారు, అందరూ అవే కొడతారు, అందరూ పాడతారు. అందులోనూ ఆనందం ఉంది, తక్కువచేసి మాట్లాడను. 2007 అక్టోబరు 26న షిల్లాంగ్‌లో 1,730 మంది గిటార్లు పట్టుకుని ప్రపంచ రికార్డు కోసం ఒకేసారి బాబ్ డిలాన్ పాట 'నాకింగ్ ఆన్ హెవెన్స్ డోర్' వాయించారు. పోలండ్‌లోని వ్రొత్స్వాఫ్ నగరంలో 2003 నుంచి ఏటా జనం నగర కూడలిలో చేరి గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ జ్ఞాపకంగా 'హే జో' వాయిస్తున్నారు; 2009లో అక్కడ చేరినవాళ్లు 6,346 మంది. ఆ వీడియోలు చూస్తే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. లెక్కల మాస్టారిని కాబట్టి ఒక పాడు ఆలోచన కూడా వస్తుంది. ఆ 6,346 మందిలోంచి ఒకరు లేచి టీ తాగడానికి పోతే పాటకి ఏమవుతుంది? ఏమీ కాదు. అందరి చేతిలోనూ ఉన్నది ఒకటే.

మీ పాట దగ్గరికొచ్చేసరికి ఆ పప్పులుడకలేదు.

కుర్రాడు ఒక వారం మీ పాటొకటి తెచ్చాడు. కార్డులు ఫోన్లో దొరికాయి. అందరం కలిసి కొట్టాం. కార్డులు తప్పేమీ కాదు, కానీ పాట అక్కడ లేదు. కాసేపటికి ఆటో అన్న గిటారు పక్కన పెట్టి "ఇది ఒకడు వాయించే పాట కాదండీ. లోపల నలుగురు మాట్లాడుకుంటున్నారు" అన్నాడు. అంతే సంగతి. పల్లవి కింద బేస్ దాని దారిన అది నడుస్తుంటుంది. అది గాయకుడికి తోడు కాదు, అదే ఇంకో పాట. వయొలిన్లు ఒక వాక్యం మొదలుపెట్టి సగంలో ఆపితే ఫ్లూటు అందుకుని పూర్తిచేస్తుంది. ఆ రెంటి మధ్యా గిటారు చిన్న చిన్న అడుగులు వేసుకుంటూ పోతుంది. ఏ గీత తీసేసినా మిగతావి నిలబడతాయి గానీ ఏదో వెలితి తెలుస్తుంది.

దీని వెనక ఉన్న చదువు గురించి తెలుసుకున్నాం. మీ అన్న పావలర్ వరదరాజన్ గారి బృందంతో ఊళ్లు తిరిగి, మద్రాసు చేరి, ధనరాజ్ మాస్టారి దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకున్నారని. లండన్ ట్రినిటీ కాలేజీ వారి క్లాసికల్ గిటారు పరీక్ష పాసయ్యారని. 1976లో మీ మొదటి సినిమా 'అన్నక్కిళి' రాకముందు సలీల్ చౌధురి గారి రికార్డింగుల్లో కూర్చుని గిటారు వాయించారని. లోకం మిమ్మల్ని హార్మోనియం ముందు కూర్చున్న మనిషిగా చూస్తుంది. మాకు మాత్రం ఈ ఒక్క సంగతి వల్ల మీరు కాస్త మావాళ్లలా అనిపిస్తారు, ఏమీ అనుకోకండి. 1986లో వచ్చిన మీ 'హౌ టు నేమ్ ఇట్' ఆల్బమ్‌ని త్యాగరాజ స్వామికీ బాఖ్‌కీ కలిపి అంకితమిచ్చారు. గీతలు విడివిడిగా నడుస్తూ ఒకదాన్నొకటి నిలబెట్టే పద్ధతి బాఖ్‌ది. ఆ పద్ధతిని మీరు పల్లెటూరి జానపద బాణీ కిందకీ, ప్రేమపాట కిందకీ పట్టుకొచ్చారు. డాబా మీద దాని ఫలితం ఏమిటంటే, మేం పని పంచుకోవలసి వచ్చింది.

ఇక్కడ మావయ్య సంగతి చెప్పాలి.

మావయ్య కుర్రవాడిగా ఉన్నప్పుడు మీ పాటలు విన్నది ట్రాన్సిస్టర్లో. గిటారులో అన్నిటికంటే మందంగా ఉండే తీగ సెకనుకి సుమారు 82 సార్లు కంపిస్తుంది. బేస్ గిటారు అంతకి ఒక స్థాయి కిందుంటుంది, దాని లావుపాటి తీగ 41 సార్లు. చేతిలో పట్టే రేడియో స్పీకరుకి ఆ లోతు పలకడం చేతకాదు. అంటే ఆయన మీ పాటలన్నీ నేల లేకుండానే విని ప్రేమించారు. శశిధరన్ గారు మీకు వాయించిన బేస్ ఏమిటో చాలా ఏళ్ల తర్వాత, అల్లుడు కొనిచ్చిన హెడ్‌ఫోన్లలో తెలిసింది. ఆ రోజు ఆయన డాబా మీదకొచ్చి గిటారు తీయలేదు. ఒక్కొక్కరికీ హెడ్‌ఫోన్లు పెట్టి "విను, కింద విను" అంటూ తిరిగారు. తెలిసిన పాటలే. ఒక్కొక్కరి ముఖం మారుతుంటే ఆయన ఏదో తనే కట్టిన పాటలా మురిసిపోయారు.

కొన్నాళ్లకి ఆయన వినికిడి తగ్గుతూ వచ్చింది. వయసుతో ముందు పోయేవి పైస్థాయి శబ్దాలే. మనవరాలి మాటల్లో 'స', 'ష' తెలియక విసుక్కునేవారు. గిటారులో సన్నటి ఒకటో తీగ మీద వాయించేది తనకే సరిగా వినబడక తప్పుతోందని ఆయన గమనించారు, మాకు చెప్పలేదు. రెండు వారాలు రాలేదు. ఫోన్ చేస్తే మోకాలి నొప్పి అన్నారు. అసలు సంగతి పట్టుకున్నది డాక్టరమ్మ. ఇంటికెళ్లి ఏం మాట్లాడిందో మాకు తెలియదు. తర్వాతి ఆదివారం ఆయన్ని వెంటబెట్టుకొచ్చి, "మావయ్య ఇకమీదట బేస్" అని ప్రకటించింది. పోయేది పై చెవి, కింది చెవి బాగానే ఉందిగా! తలా కొంత వేసుకుని సెకండ్ హ్యాండ్ బేస్ గిటారు ఒకటి, కింది వాటాల వాళ్ల నిద్ర పాడుచేయని చిన్న ఆంప్లిఫయరు ఒకటి కొన్నాం. కుర్రతనంలో ఆయనకి వినబడని గీత ఏదో, ఇప్పుడు ఆయనకి అన్నిటికంటే బాగా వినబడేది అదే. ఇప్పుడు మా పాట ఆయన కాలి దెబ్బ మీద నడుస్తుంది. ఆయన ఆగితే అందరం ఆగుతాం.

అలా పంపకాలు జరిగాయి. ఫ్లూటు వాక్యాలు డాక్టరమ్మ పై తీగల మీద పలికిస్తుంది. వయొలిన్ల వాక్యాలు ఆటో అన్న వంతు. కుర్రాడు కార్డుల్ని విడదీసి వేళ్లతో మీటుతాడు. 1982లో 'ఇళయ నిలా' పాటకి చంద్రశేఖర్ గారు వాయించిన గిటారు విన్నప్పటినుంచీ వాడికి పిక్ పట్టుకోవడమే నామోషీ. నాకు మిగిలింది రిథమ్, లెక్క. తకిట తకిట అని పైకి అనకుండా లోపల లెక్కపెట్టుకుంటూ ఎవరెప్పుడు అందుకోవాలో తలూపి చెబుతాను. ఇంట్లో నా భాగం ఒక్కటీ సాధన చేస్తుంటే అది ఏ పాటో మా ఆవిడ కూడా పోల్చుకోలేదు. అడిగితే పాట పేరు చెప్పాను. "పోనిద్దురూ" అంది.

ఒక ఇంటర్లూడ్ మీద మేం పడ్డ అవస్థ చెబుతాను. ఏ పాటదో చెప్పను. చెబితే మీకు ఆ బిట్ వెంటనే మనసులో మెదిలి, మేం వదిలేసిన స్వరాలు ఒక్కొక్కటే కనబడతాయని భయం. పాట మధ్యలో వచ్చేది, అరనిమిషం కూడా ఉండదు. దాన్ని చెవితోనే పట్టాలి, కాగితం ఎక్కడా దొరకలేదు. ఒక్కొక్కరూ తమ గీత విని నేర్చుకుని రావాలనుకున్నాం. వచ్చాక మావయ్య పాట అందరికంటే అర స్వరం పైనుంది. ఆయన దాన్ని ఒకప్పుడు నేర్చుకున్న టేప్ రికార్డరు కాస్త వేగంగా తిరిగేదట. ఆ స్థాయే ఆయన చేతికి అలవాటైపోయింది. "యంత్రం తప్పు, నాది కాదు" అన్నారు. అది తేలాక అసలు పేచీ మొదలైంది. బిట్ మధ్యలో ఒకచోట బేస్ పలికే స్వరం ధైవతమని మావయ్య, కాదని ఆటో అన్న. అన్న స్వరం పేరు చెప్పడు, కూనిరాగం తీసి చూపిస్తాడు. రాత్రి పదకొండింటికి ఫోన్లు. మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర ఆటో ఆపి, వెనక హారన్లు మోగుతుంటే ఆ ముక్క హమ్ చేసి "ఇప్పుడు చెప్పండి మావయ్యా" అనడం. డాక్టరమ్మ పాట వేగం సగానికి తగ్గించి వింది. నేవీ ఆయన పోర్ట్ బ్లెయిర్ నుంచి తన అభిప్రాయం పంపాడు, అది మూడోది. మా ఇళ్లల్లో వాళ్లకి ఈ గొడవ దేని గురించో బొత్తిగా అర్థం కాలేదు. అరసెకను కూడా లేని ఒక స్వరం గురించి ఇంత రాద్ధాంతమేమిటని వాళ్ల బాధ.

చివరికి కుర్రాడు ఒక సాఫ్ట్‌వేర్ పట్టుకొచ్చాడు. పాటలోంచి గొంతునీ డ్రమ్స్‌నీ బేస్‌నీ వేటికవి విడదీసి వినిపిస్తుంది. అందరం ఆ చిన్న స్పీకరు చుట్టూ తలలు పెట్టాం. బేస్ ఒక్కటీ వచ్చింది. ఆ చోటు వచ్చింది. అక్కడ బేస్ అసలు లేదు. మీరు అక్కడ ఖాళీ రాశారు. ఇన్నాళ్లూ వీళ్లిద్దరూ పట్టుబట్టిన స్వరాలు ఎవరి బుర్రలో వాళ్లకి వినబడినవి. అన్న మావయ్య వైపు చూశాడు, మావయ్య అన్న వైపు చూశారు. ఇద్దరూ పగలబడి నవ్వారు. నవ్వు తగ్గాక మావయ్య ఆ ఖాళీని వాయించడం సాధన చేయాల్సి వచ్చింది. స్వరం నేర్చుకోవడం కంటే అది కష్టమని చెప్పారు. వేలు ఊరుకోదు.

ఆ బిట్ మాకు మొదటిసారి కుదిరింది వాన వెలిసిన ఒక సాయంత్రం. డాబా ఇంకా తడిగానే ఉంది, ప్లాస్టిక్ కుర్చీలు తుడుచుకుని కూర్చున్నాం. తలూపాను. అన్న మొదలుపెట్టాడు, డాక్టరమ్మ అందుకుంది, కింద మావయ్య నడిచారు, ఖాళీ దగ్గర ఖాళీగానే ఉన్నారు, కుర్రాడు తొందరపడలేదు. ఇరవై సెకన్లో ముప్పై సెకన్లో. బిట్ అయిపోయి చరణం ఎత్తుకోవాల్సిన చోట ఎవరూ పాడలేదు. మా ధ్యాసంతా బిట్ మీదే, గాయకుడి సంగతి ఎవరికీ గుర్తులేదు. కిరాణా కొట్టాయన ఆగలేక తనే ఎత్తుకున్నాడు. శ్రుతిలో లేడు. అది ఎవరికీ పట్టలేదు. తర్వాత అదే బిట్ మళ్లీ వాయించబోతే ఎంత ప్రయత్నించినా రాలేదు. ఆ వారమే కాదు, పై వారమూ రాలేదు. అయినా ఒకసారి వచ్చిందన్న సంగతి మాకు తెలుసు, ఆ తెలియడంతో చాలా కాలం గడిపేశాం.

నేను చిన్నప్పటినుంచీ చాలా కచేరీలు విన్నాను. మంచి వాద్యకారుణ్ణి వింటే కలిగే ఆనందం గొప్పదే. ఇది వేరు. చేతిలో ఉన్నది పాటలో ఐదో వంతు, మిగతా నాలుగు వంతులూ పక్క కుర్చీల్లో ఉన్నాయి. నేను సరిగా వాయిస్తేనే డాక్టరమ్మ బాగా వినిపిస్తుంది. నేను తప్పితే పోయేది నా పరువు కాదు, ఆవిడ వాక్యం. టీవీ పోటీల్లో జడ్జీల ముందు ఒంటరిగా నిలబడి వణికే పిల్లల్ని చూసినప్పుడల్లా ఈ సంగతి వాళ్లకి ఎవరైనా చూపిస్తే బాగుండుననిపిస్తుంది.

మధ్యలో ఒక చట్టం ముచ్చట. మీ పాటల హక్కుల కోసం మీరు కోర్టులకెళ్లడం మీద దేశంలో రెండు అభిప్రాయాలున్నాయి, మా డాబా మీదా ఉన్నాయి. టికెట్లు అమ్మి కచేరీ చేసేవాడు కట్టినవాడికి ఇవ్వాల్సింది ఇచ్చి తీరాలని నా మతం. మా సంగతేమిటని ఒకసారి అన్నకి బెంగ పట్టుకుంది. తెలిసిన లాయరుని అడిగాం. 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ తీసి చూపించాడు. డబ్బు చెల్లించని శ్రోతల ముందు అమెచ్యూర్ క్లబ్బు ఒక సంగీత రచనని ప్రదర్శిస్తే అది ఉల్లంఘన కాదని అందులో ఉంది. మా శ్రోత డబ్బివ్వకపోవడమే కాదు, ఎదురు మిక్చర్ పెడుతున్నాడు. ఆ విధంగా మేం చట్టానికి పూర్తిగా లోబడి వాయిస్తున్నామని మీకు తెలియజేస్తున్నాం.

ఇక అసలు పని.

మీరు ప్రతి వాద్యానికీ ఏం వాయించాలో స్టాఫ్ నొటేషన్‌లో రాసి ఇచ్చి రికార్డు చేయిస్తారు. 2025 మార్చి 8న లండన్‌లో మీ సింఫనీ 'వేలియంట్' వాయించిన ఆర్కెస్ట్రా వాళ్లకి మీ సొంతూరు పన్నైపురం ఎక్కడుందో తెలియనక్కరలేకపోయింది. కాగితం మీద మీ రాత ఉంది, చాలు. అలాంటి రాత మాకూ కావాలి. మీ సినిమా పాటల్లోంచి మీకు నచ్చిన ఓ ఇరవై ఎంచి, నాలుగు గిటార్లూ ఒక బేసూ వాయించుకునేలా విడివిడి భాగాలుగా ఒక పుస్తకం వేయించండి. ఎవరు కుదించినా ఫరవాలేదు, మీ కలం దాని మీద ఒకసారి నడిస్తే చాలు.

ఇది కొత్త కోరికేం కాదు. గ్రామఫోను రాకముందు యూరప్‌లో బేతోవెన్ సింఫనీలు జనం ఇళ్లకి చేరింది ఎలాగంటే, ఒకే పియానో ముందు ఇద్దరు కూర్చుని నాలుగు చేతులతో వాయించేలా కుదించి అచ్చువేసి అమ్మడం వల్ల. ఆర్కెస్ట్రాని జీవితంలో వినని ఊళ్లలో కూడా అక్కాచెల్లెళ్లూ స్నేహితులూ వాటిని వాయించుకున్నారు. అల్బేనిజ్ పియానో కోసం రాసిన 'అస్తూరియాస్' ఇవాళ గిటారు రచనగానే ఎక్కువమందికి తెలుసు.

అంత దూరం ఎందుకు, మీకు ఇష్టమైన త్యాగరాజ స్వామినే తీసుకోండి. శిష్యులు ఆయన కీర్తనల్ని రాసి పెట్టుకున్నారు, తర్వాత అవి అచ్చయ్యాయి. ఇప్పుడు ఆరాధన రోజున తిరువయ్యారులో గానీ, విశాఖలో మా వీధి చివరి గుడిలో గానీ, 1978 నుంచి ఉత్సవం చేస్తున్న అమెరికా క్లీవ్‌ల్యాండ్‌లో గానీ ఎవరైనా వెళ్లి కూర్చుని నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల పంచరత్నాలు గోష్ఠితో కలిసి పాడొచ్చు. పక్కన కూర్చున్నాయన పేరు తెలియదు, ఊరు తెలియదు. ఏ సంగతి తర్వాత ఏ సంగతి వస్తుందో ఇద్దరికీ తెలుసు. మా కుర్రాడు రేపు చదువు అయ్యాక హైదరాబాదో డల్లాసో పోతాడు. అక్కడ ఇంకో నలుగురు గిటారు వాళ్లు దొరికితే వాడు సంచిలోంచి మీ పుస్తకం తీసి "నేను మూడో గిటారు" అని కూర్చోగలగాలి. నేవీ ఆయన ఏ రేవులో దిగినా అంతే. ఇప్పుడైతే ఎవరి చెవి వాళ్లది, ఎవరి ఊరి తప్పులు వాళ్లవి.

పుస్తకంలో మాకు కావలసినవి చిన్న చిన్నవే. స్టాఫ్ నొటేషన్ కింద ఏ తీగ, ఏ ఫ్రెట్ అని అంకెల్లో చూపే టాబ్ ఉంటే కుర్రాళ్లకి, దాని కింద సరిగమలుంటే మావయ్యకి పని జరుగుతుంది. అక్షరాలు పెద్దవిగా వేయించండి. మాలో సగం మందికి కళ్లజోళ్లున్నాయి, డాబా మీద ఉన్నది ఒకటే బల్బు. పేజీ తిప్పాల్సిన చోట ఖాళీలు వచ్చేలా చూస్తే మహోపకారం, వాయిస్తూ పేజీ తిప్పడానికి మాకు మూడో చెయ్యి లేదు. మీరు ఖాళీలు రాసిన చోట అచ్చులో కూడా ఖాళీ స్పష్టంగా కనబడాలి. ఎందుకో మీకు పైన చెప్పాను. ధర సంగతి మీ ఇష్టం. ఐదు ప్రతులు కొంటాం, జిరాక్స్ తీయించం. దీనికి డాక్టరమ్మ హామీ.

ఇట్లు,
ఎంవీపీ కాలనీ డాబా మీది గిటారు వాళ్లు, ఒక శ్రోత
విశాఖపట్నం

తా.క.: ఈ లేఖ మీద ఆటో అన్న మొదట సంతకం పెట్టనన్నాడు. పుస్తకం వస్తే స్వరం ఏదన్నది అందులోనే తేలిపోతుంది, ఇక రాత్రిపూట ఒకరికొకరు ఫోన్లు ఎందుకు చేసుకుంటామన్నది ఆయన అభ్యంతరం. మాట్లాడుకున్నకొద్దీ అందరికీ అది సబబే అనిపించి, రెండు వారాలు ఈ లేఖ పంపకుండా ఆపాం. దారి చూపింది కుర్రాడు. గిటారులో ఒకే స్వరం చాలాచోట్ల పలుకుతుంది. ఒకటో తీగ వట్టిగా మీటితే వచ్చే స్వరమే రెండో తీగ ఐదో ఫ్రెట్‌లో, మూడో తీగ తొమ్మిదో ఫ్రెట్‌లో, నాలుగో తీగ పద్నాలుగో ఫ్రెట్‌లో దొరుకుతుంది, నాదం మాత్రం చోటుకొక తీరుగా ఉంటుంది. ఏ చోట, ఏ వేలితో అన్నది పుస్తకం చెప్పకపోతే కొట్లాడుకోవడానికి కావలసినంత మిగులుతుంది. ఆ లెక్కన టాబ్ కూడా ఉండకూడదు, అది చోటు చెప్పేస్తుంది. కాబట్టి పైన టాబ్ అడిగిన మాట కొట్టేసుకోండి, వేళ్ల అంకెలు కూడా వేయించకండి. ఈ వాక్యం చదివి వినిపించాక అన్న పెన్ను అడిగి సంతకం పెట్టాడు.